విగ్రహం ఎత్తు రాస్తారు, రాయి పేరు రాయరు

సంపాదకులకు,

ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర రాతి మండపం కింద నిలబెట్టిన నేతాజీ విగ్రహం మన ఖమ్మం రాయి. 280 టన్నుల నల్ల దిమ్మెను 100 చక్రాల బండి మీద 1,665 కిలోమీటర్లు తరలించారు. అరుణ్ యోగిరాజ్ నాయకత్వంలో శిల్పులు చెక్కగా 28 అడుగుల విగ్రహం తేలింది. 2022 సెప్టెంబరు 8న ఆవిష్కరించారు. విగ్రహం బరువు 65 టన్నులు. ఈ అంకెలన్నీ అప్పట్లో పత్రికల్లో వచ్చాయి. 280లోంచి 65 తీసేస్తే మిగిలే 215 టన్నుల సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. విగ్రహం పెద్దదైనా చిన్నదైనా తీసేసిన రాయి మూడు రూపాల్లోనే బయటికి వస్తుంది: పెద్ద ముక్కలు, పెచ్చులు, పిండి. ముక్కలు మళ్లీ ఏదో ఒక పనికి వస్తాయి. పెచ్చులు గుంతలు పూడ్చడానికి పోతాయి. పిండి షెడ్డులోనే ఉండిపోతుంది, చెక్కేవాళ్ల ఊపిరితిత్తుల్లో సహా.

ముక్కలు ఎన్ని, పిండి ఎంత అన్నది శిల్పి ఒక్కడే తేల్చేది కాదు. విగ్రహం చేయించే గుడి కమిటీ, పంచాయతీ, దాత ఇచ్చే ఆర్డరు కాగితం సగం తేలుస్తుంది. ఆ కాగితంలో ఎత్తు, ధర, ప్రతిష్ఠ ముహూర్తం ఉంటాయి. రాయి దగ్గరికొచ్చేసరికి ‘నల్లరాయి’ అనో ‘కృష్ణశిల’ అనో ఒక్క మాటతో సరిపెడతారు. ఎలా కోయాలన్న మాటే ఉండదు. ఈ ఉత్తరం దాని గురించే.

ముందు పేరు సంగతి. కృష్ణశిల అంటే ఒక రాయి కాదు. గోటితో గీస్తే గీత పడే బలపపు రాయినీ, ఉలి మొన విరిగే గట్టి నల్లరాయినీ ఒక్కోచోట ఒక్కోలా అదే పేరుతో అమ్ముతారు. వ్యాపారంలో బ్లాక్ గ్రానైట్ అని పిలిచే రాళ్లలో చాలావరకు అసలు గ్రానైట్లే కావు, డోలరైట్, గాబ్రో అనే వేరే రాళ్ల జాతివి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ కూడా గాబ్రో కుటుంబంలోదే. అందులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. రామప్ప గుడిలో ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా నిగనిగలాడే నల్లటి బొమ్మలు డోలరైటువే. ఈ నల్లరాళ్లలో పలుగురాయి, అంటే క్వార్ట్జ్, చాలా తక్కువ. డోలరైట్‌లో సాధారణంగా 5 శాతం లోపు. బూడిద రంగు, గులాబీ రంగు అసలు గ్రానైట్లలో 20 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. ఇసుకరాయిలో 70 నుంచి 90. శుద్ధమైన సున్నపురాయి, పాలరాయిలో 2 శాతం దాటదు. మా జిల్లాలోని దుర్గి శిల్పులు వాడే పల్నాటి రాయి సున్నపురాయి జాతి. అమరావతి స్తూపం శిల్పాలు చెక్కిందీ పల్నాటి సున్నపురాయి మీదే. అయితే ఈ జాతి నాపరాళ్లలో పొరపొరకీ మట్టిపాలు, ఇసుకపాలు మారిపోతాయి కాబట్టి ఈ 2 శాతం లెక్కను దుర్గి రాయికి గుడ్డిగా అంటగట్టకూడదు.

ఈ శాతాలు ఎందుకంటే, ఊపిరితిత్తులను పాడుచేసేది ఆ పలుగురాయి పిండే. ఫ్యాక్టరీల చట్టం కింద మన దేశంలో ఏళ్లుగా వాడిన సూత్రం ఒకటుంది: ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్లే సన్న ధూళిలో పలుగురాయి ఎంత శాతముందో దానికి 2 కలిపి, ఆ మొత్తంతో 10ని భాగించాలి. వచ్చేది ఒక ఘనమీటరు గాలిలో ఉండదగ్గ ధూళి, మిల్లీగ్రాముల్లో. 30 శాతం పలుగురాయి ఉన్న బూడిద గ్రానైట్‌కు 10ని 32తో భాగిస్తే 0.31. 5 శాతం ఉన్న డోలరైట్‌కు 10ని 7తో భాగిస్తే 1.43. రెంటికీ నాలుగున్నర రెట్లు తేడా. ఆర్డరులో రాయి పేరు రాయకపోవడం అంటే ఈ తేడాను వదిలేయడమే. 0.31 మిల్లీగ్రాము అంటే సన్న ఉప్పు గల్లులు ఐదారు, అంతే. ఒక ఘనమీటరు గాలిలో అంతే ఉండాలి. గ్రైండర్ చుట్టూ తెల్లటి మబ్బు కంటికి కనిపించిందంటే ఆ హద్దు ఎప్పుడో దాటిపోయింది.

రాయిని గుర్తుపట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. కత్తి మొనతో గీస్తే సున్నపురాయి మీద గీత పడుతుంది, గ్రానైట్ మీద కత్తి ఇనుమే అంటుకుంటుంది. సున్నపురాయి మీద నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా నురగ లేస్తుంది, పాలరాయీ అంతే. ఈ రాళ్లతో చేసిన మూలమూర్తికి పెరుగు, నిమ్మరసం అభిషేకాలు రోజూ చేస్తే మెరుపు పోయి ముఖం గరుకెక్కేది ఇందుకే. నల్లరాయి అసలు నలుపో, పూసిన నలుపో తెలియాలంటే తెల్ల దూదిని నెయిల్ పాలిష్ చెరిపే ద్రవంలో ముంచి రుద్దాలి. దూది నల్లబడితే అది రంగు పట్టించిన బూడిద రాయి. నాలుగు ఎండలకు వెలిసిపోతుంది. నల్లరాయి అనుకుని ధూళి జాగ్రత్తలు తగ్గించుకున్నవాళ్లకు అది రెండో నష్టం.

బీట ఉందో లేదో చూడటం పాత విద్య. శిల్పశాస్త్రం రాయి మోగే తీరును బట్టి పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని విడదీసి, మోగని మూడోదాన్ని మూర్తికి పనికిరాదంది. సుత్తితో తడితే గంటలా మోగాలి. మొద్దుగా పలికిందంటే లోపల బీట ఉన్నట్టే. చెవికి అందని బీటకు నీళ్లున్నాయి: దిమ్మెంతా తడిపి ఆరనివ్వాలి. అంతా ఆరాక కూడా ఒక సన్నటి గీత మాత్రం నల్లగా తడిగా ఉండిపోతుంది. ముఖం, ముంజేయి వచ్చే చోట ఆ గీత పడితే దిమ్మెను తిప్పి గీసుకోవాలి, లేదా వదిలేయాలి. తుప్పు రంగు చుక్కలున్న రాయినీ అంతే. మొదటి వానాకాలానికే ఆ చుక్కల నుంచి గోధుమరంగు చారలు దిగుతాయి.

బరువు లెక్క కూడా రాయి పేరును బట్టే. ఘనపుటడుగు బూడిద గ్రానైట్ సుమారు 75 కిలోలు, నల్లరాయి 85. ఏడడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల మందం ఉన్న దిమ్మె బూడిద రాయైతే మూడుంబావు టన్నులు, నల్లరాయైతే పావుతక్కువ నాలుగు. అర టన్ను తేడాకు క్రేను మారాలి, పీఠం కింద కాంక్రీటు మారాలి.

ఇక పిండి ఎక్కడ పుడుతుందో చూద్దాం. ఉలి, సుత్తి దెబ్బకు రాయి ఎక్కువగా పెచ్చులుగా లేస్తుంది. పిండి లేవదని కాదు, అందులో మోటు రేణువుల పాలు ఎక్కువ. అవి కింద పడిపోతాయి. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి పదకొండు పన్నెండు వేల చుట్లు తిరుగుతూ వజ్రపు బ్లేడుతో రాయిని గీరుతుంది. దాని నుంచి వచ్చేది ముఖానికి రాసుకునే పౌడరు కంటే మెత్తన. 4 మైక్రాన్ల లోపు రేణువు గంటల తరబడి గాలిలో తేలుతుంది. వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే, దానిలో పదిహేడో వంతు. పూర్వం శిల్పులు ధూళి పీల్చలేదా అని అడిగేవాళ్లకు జవాబు ఇదే: పీల్చారు, కానీ ఆ ధూళి వేరు, ఈ ధూళి వేరు.

గ్రైండర్‌తో రాయి తీసే పద్ధతి మీకు తెలిసిందే. పక్కపక్కనే గాట్లు పెట్టి, మధ్యలో నిలిచిన పలకలను సుత్తితో కొట్టి రాల్చేస్తారు. బ్లేడు మందం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. అంటే ప్రతి గాటుకూ రెండున్నర మిల్లీమీటర్ల రాయి పిండి అయిపోతుంది. గాట్లు 10 మిల్లీమీటర్ల ఎడంలో పెడితే ఆ భాగంలో పావు వంతు పిండి. 25 మిల్లీమీటర్ల ఎడంలో పెడితే పదో వంతు. పిండి పాలు ఇంత సులువుగా మారుతుంది. మరి దగ్గర దగ్గరగా గాట్లు ఎందుకు పెడతారు? పలక సన్నగా ఉంటే తేలిగ్గా విరుగుతుంది, పక్క రాయిని లాక్కుపోదు, కొత్త పనివాడు కూడా చేయగలడు. ముహూర్తం పదిహేను రోజుల్లో ఉంటే అందరూ అదే చేస్తారు.

అసలు మేలైన దారి, పెద్ద ముక్కలను గ్రైండర్ దాకా రానివ్వకపోవడం. భుజాల పైన, కాళ్ల మధ్య, పీఠం పక్కల పోయే రాయి చాలావరకు చీలలతో విడిపోతుంది. నాలుగైదు అంగుళాలకొక రంధ్రం వరసగా వేసి, ఒక్కోదాంట్లో రెండు రేకుల మధ్య చీల పెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి సమ్మెటతో ఒక్కో దెబ్బ వేస్తూ రావాలి. మూడో నాలుగో వరసకు దెబ్బ శబ్దం మారుతుంది. అక్కడ ఆగి రాయికి టైం ఇవ్వాలి. ఒకే చీలను పట్టుకుని బాదితే రాయి గీత వెంట కాకుండా తన వాటం వెంట చీలిపోయి బొమ్మ భుజమే పోతుంది. మన వడ్డెర పనివాళ్లకు ఈ వాటం కంటితోనే తెలుస్తుంది. శిల్పి షెడ్డులోకి దిమ్మె రాకముందే, క్వారీలోనే ఈ పని వాళ్లచేత చేయించడం తెలివైన పని. రంధ్రాలు వేసే డ్రిల్లుకూ నీళ్లు కావాలి, అది వేరే సంగతి.

చిన్న పక్కమాట. జర్మనీ శిల్పి ఉల్రిష్ ర్యూక్‌రీమ్ దిమ్మెలను ఇలా చీలలతో చీల్చి, రంధ్రాల గుర్తులు అలాగే కనబడేలా మళ్లీ పేర్చి నిలబెడతాడు. అదే ఆయన శిల్పం. జపాన్ మూలాలున్న అమెరికా శిల్పి ఇసాము నొగుచి జపాన్‌లోని మురే గ్రామంలో బసాల్ట్ రాళ్లు చెక్కినప్పుడు, ఎండావానకు గోధుమరంగెక్కిన పై తోలును చాలాచోట్ల ముట్టుకోకుండా వదిలాడు. దేవుడి మూర్తికి ఇది కుదరదు, లక్షణం ప్రకారం ఉండాలి. కానీ పార్కుల్లో, కూడళ్లలో, కార్యాలయాల ముందు పెట్టే రాతి శిల్పానికి అంగుళం అంగుళం అద్దంలా మెరవాలన్న పట్టు ఎందుకో అర్థం కాదు. చీల గుర్తు, ఉలి గాటు ఉన్న రాయి తక్కువ పని అని కొలిచే అలవాటు చేయించేవాళ్లదే.

గ్రైండర్ తప్పని చోట నీళ్లు తప్పవు. చేతి కటింగ్ మిషన్‌కు నిమిషానికి కనీసం అర లీటరు నీరు బ్లేడు మీద పడాలి. అయిదడుగుల ఎత్తున 20 లీటర్ల క్యాను కట్టి, కుళాయి ఉన్న సన్నటి గొట్టం బ్లేడు గార్డులోకి దింపితే 40 నిమిషాలు వస్తుంది. నీరు పడాల్సింది రాయి మీద కాదు, బ్లేడు రాయిలోకి దిగే చోట, రెండు పక్కలా. సీసాతో అప్పుడప్పుడూ రాయి మీద చిలకరించడం కంటితుడుపే. బ్లేడు వేడికి ఆ తడి క్షణాల్లో ఆరిపోతుంది, గాటు లోపలికి అసలు చేరదు. సరిగ్గా పడుతుంటే గాటు నుంచి పలచటి మజ్జిగలాంటి బురద కారుతుంది. బురద గట్టిపడి గంజి చిక్కదనానికి వస్తే నీరు చాలట్లేదు. పొగ కనిపిస్తే గొట్టం పూడింది. ఆపి సూదితో పొడవాలి.

పనివాళ్లు నీళ్లు ఎందుకు వద్దంటారో కూడా న్యాయంగా చెప్పాలి. జేగురుతో, సుద్దతో గీసుకున్న గీతలు చెరిగిపోతాయి. బ్రహ్మసూత్రం (మూర్తి నడిమి నిలువు గీత), తాళమానం (ముఖం పొడవును బట్టి కొలిచే పద్ధతి) గీతలు పోతే 108 అంగుళాల (ఇవి ఇంచులు కావు, మూర్తి ఎత్తును పంచుకునే భాగాలు) నవతాళ లెక్క మళ్లీ మొదటినుంచి కొలుచుకోవాలి. దీనికి ఆయిల్ పెయింటు పెన్ను చాలు. రెండోది, తడిసిన రాయి నల్లబడి మెరుస్తుంది. కన్ను, పెదవి దగ్గర లోతు కనబడదు. అది నిజం. అందుకే ముఖం, వేళ్లు, ఆభరణాల దగ్గర ఉలే వాడాలి, లేదంటే బ్లేడు చుట్టూ తొడుగు పెట్టి దుమ్ము పీల్చే యంత్రం తగిలించాలి. మామూలు ఇంటి వాక్యూమ్ దీనికి పనికిరాదు. బ్లేడు వ్యాసం అంగుళానికి నిమిషానికి 25 ఘనపుటడుగుల గాలి లాగాలి, నాలుగంగుళాల బ్లేడుకు 100. చివర అతి సన్న ధూళిని ఆపే హెపా ఫిల్టర్ లేకపోతే మోటు పొడి సంచిలో ఆగి, చంపే పొడి వెనకనుంచి మళ్లీ షెడ్డులోకే వస్తుంది.

మూడోది అన్నిటికంటే పెద్దది, కరెంటు. బజారులో దొరికే సాధారణ గ్రైండర్ నీళ్లతో వాడటానికి చేసింది కాదు. దానికి గొట్టం కట్టి తడి కోత మొదలుపెడితే ధూళి రోగం తప్పి షాక్‌తో పోతారు. తడి పనికని చేసిన మిషనే కొనాలి, లేదా కంప్రెసర్ గాలితో తిరిగేది వాడాలి. ఏది వాడినా లైనులో 30 మిల్లీయాంపియర్ల లీకేజీకే తెగిపోయే బ్రేకరు ఉండాలి. దాని మీద ఉండే టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడాలి.

పని ముగిశాక సాయంత్రం జరిగే తప్పులు కొన్ని. నేల మీది బురదను అలాగే వదిలేస్తే పొద్దున్నకు ఎండి, చీపురు తగలగానే అదే పిండి గాలిలోకి లేస్తుంది. తడిగా ఉండగానే పారతో ఎత్తి, మూడు గదుల తొట్టిలో తేర్చాలి; మూడో గది నీరు మళ్లీ క్యానులోకి పోస్తే గొట్టం పూడుతుంది కాబట్టి గుడ్డతో వడకట్టాలి. కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవడం, ఆ బట్టలతోనే ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకోవడం మానాలి. ముక్కుకు కట్టే తువ్వాలు ఈ రేణువును ఆపదు. ఎన్95 ఆపుతుంది, ముఖానికి అతుక్కున్నప్పుడు మాత్రమే. గడ్డం ఉంటే పక్కలనుంచి గాలి దూరుతుంది. పైగా మాస్కు చివరి అడ్డం. మబ్బు లేపి మాస్కు ఇచ్చామని చెప్పుకోవడం వేరు, మబ్బు లేవకుండా చూడటం వేరు.

ఉలి పని గురించి ఒక మాట, ఎందుకంటే దాన్ని మళ్లీ వాడమంటున్నాం కాబట్టి. ఉలి మొనకు పాయనం సరిగా పట్టకపోతే ఎవరూ దాన్ని ముట్టుకోరు. కొలిమిలో ఎర్రగా కాగిన మొనను మాత్రమే నీళ్లలో ముంచి, వెనకనుంచి వేడి పాకి మొన ఎండుగడ్డి రంగుకు వచ్చిన క్షణాన మొత్తం చల్లార్చాలి. ముందే చల్లారిస్తే మొన పెళుసై రాలుతుంది, ఆలస్యమైతే మెత్తబడి వంగుతుంది. నల్లరాయికి ఉలిని నిట్టనిలువుగా పెట్టి కొడితే లోపల రాయి కమిలిపోతుంది. అప్పుడు కనబడదు. 60 నంబరు గరుకు నుంచి మొదలుపెట్టి 120, 220, 400, 800 దాకా తడి పాలిష్ పట్టాక ముఖం మీద తెల్లటి మచ్చలై తేలుతుంది. అందుకే ఆఖరి తోలుకు ఐదారు మిల్లీమీటర్లు ఉండగానే బరువు దెబ్బలు ఆపేయాలి.

రోగం సంగతి క్లుప్తంగా. పలుగురాయి పిండి వల్ల వచ్చే సిలికోసిస్ మామూలుగా పదేళ్లకు పైగా పీల్చాక బయటపడుతుంది, ధూళి మరీ ఎక్కువైతే ఐదేళ్లలోపే. వచ్చాక తగ్గించే మందు లేదు. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం చూసి క్షయ అనుకుని మందులు మొదలుపెట్టడం తరచూ జరిగేదే. సిలికోసిస్ ఉన్నవాళ్లకు క్షయ తేలిగ్గా సోకుతుంది కూడా. రెండూ కలిసే ఉండొచ్చు. డాక్టరు అడగకపోయినా ఎన్నేళ్లు, ఏ రాయి, పొడి కోతా తడి కోతా అని చెప్పి ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలి. కార్మిక భద్రత చట్టం ప్రకారం ఇది అధికారులకు తెలియజేయాల్సిన జబ్బు. నలుగురైదుగురు పనిచేసే శిల్పి షెడ్డు మాత్రం సాధారణంగా ఆ చట్టం పరిధిలోకే రాదు. పరిహారానికీ పునరావాసానికీ రాజస్థాన్ 2019లో ప్రత్యేక విధానం తెచ్చింది. దుర్గి, ఆళ్లగడ్డ శిల్పాలకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మనం ఆ శిల్పుల ఎక్స్‌రేల గురించి కూడా మాట్లాడుకోవాలి. వంటగది గట్టుకు ‘క్వార్ట్జ్’ పేరుతో అమ్మే కృత్రిమ రాయిలో ఇదే పదార్థం 90 శాతం పైగా ఉండొచ్చు. ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి దాన్ని నిషేధించింది. విగ్రహాలు చెక్కే షెడ్లలోనే ఆ గట్లు కోసే పని కూడా ఒప్పుకునేవాళ్లు ఇది గమనించాలి.

కాబట్టి ఆర్డరు కాగితంలో రాయి జాతి పేరు, తెచ్చిన క్వారీ ఊరు రాయండి. మొరటు తీత చీలలతో, కోత నీళ్లతో జరగాలని, దానికయ్యే ఖర్చు ధరలో విడిగా చూపాలని రాయండి. గడువు ముహూర్తం నుంచి వెనక్కి కాకుండా, దిమ్మె షెడ్డుకు చేరిన రోజు నుంచి ముందుకు లెక్కపెట్టండి. విగ్రహాన్ని పీఠానికి బిగించే కడ్డీ స్టెయిన్‌లెస్ స్టీలుదని కూడా రాయించుకోండి. మామూలు ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే పదేళ్లకో ఇరవయ్యేళ్లకో పాదాల దగ్గర రాయి పగులుతుంది, అప్పుడు ‘నాసిరకం రాయి’ అని వార్త వస్తుంది.

మీ పత్రికకు ఒక విన్నపం. విగ్రహావిష్కరణ వార్తలో ఎత్తు, ఖర్చు, దాత పేరు ఎలాగూ వేస్తారు. పక్కన ఒక్క వాక్యం: ఏ రాయి, దిమ్మె బరువెంత, విగ్రహం బరువెంత, కోత తడిదా పొడిదా. విలేకరి షెడ్డుకు వెళ్లి అడిగితే నాలుగు నిమిషాల్లో తెలుస్తుంది. అక్కడ చెట్ల ఆకులు తెల్లగా ఉంటే అడగకపోయినా తెలుస్తుంది.

భవదీయులు,
రాతిశిల్పం పనివారు కొందరు,
పల్నాడు జిల్లా